పాత కోట్లకు కొత్త గిరాకీ: లండన్ కింగ్స్ రోడ్ దుకాణాల కథ

పాత బట్టల బేరం లండన్‌కు కొత్త కాదు. 19వ శతాబ్దంలో హౌండ్స్‌డిచ్, పెటికోట్ లేన్ ప్రాంతాల్లో వాడేసిన కోట్లు, గౌన్లు కుప్పలు పోసి అమ్మేవారు. వీధివీధీ తిరిగి పాత బట్టలు కొనేవాళ్ల సరుకంతా అక్కడికే చేరేది. కొత్తవి కుట్టించుకునే స్తోమత లేనివాళ్లు వాటిని కొనుక్కునేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 జూన్‌లో, ప్రభుత్వం బట్టలకు కూడా రేషన్ పెట్టింది. 1949 మార్చి దాకా కూపన్లు లేనిదే కొత్త చొక్కా దొరకలేదు. చిరిగినదానికి మాసిక వేసుకుని తొడుక్కోవడం ఇంటింటి అలవాటైంది. దాంతో పాత బట్ట అంటే లేమికి గుర్తన్న భావం మరింత బలపడింది.

యుద్ధకాలంలో పుట్టి పెరిగిన పిల్లలు 1960ల నాటికి సొంత సంపాదన మీద నిలబడ్డారు. అమ్మమ్మల నాటి పూసల గౌన్లు, జలతారు అంచుల కోట్లు వాళ్లకు లేమిని గుర్తుచేయలేదు. అంత పనితనం కొత్త బట్టల్లో ఎక్కడా కనిపించేది కాదు. పోర్టబెల్లో రోడ్ సంతలో అలాంటివి చవగ్గా దొరికేవి. సరదాగా పోగుచేసుకున్నవాళ్లలో కొందరు వాటినే అమ్మకానికి పెట్టారు.

పోర్టబెల్లో రోడ్‌లోనే వెలసిన 'ఐ వాజ్ లార్డ్ కిచెనర్స్ వాలెట్' అనే దుకాణం పాత సైనిక దుస్తులకు పేరుపడింది. సామ్రాజ్యపు రోజుల్లో కవాతుల కోసం కుట్టించిన ఎర్ర కోట్లను అక్కడ తక్కువ ధరకే అమ్మేవారు. 1966లో రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ సైనిక డ్రమ్మర్ కోటు తొడుక్కుని టీవీలో పాడాక కుర్రకారు ఆ దుకాణం ముందు వరుస కట్టారు. గిటారు విద్వాంసుడు జిమీ హెండ్రిక్స్ తొడిగిన, ఛాతీ మీద అడ్డంగా జలతారు పేటలు కుట్టిన హుస్సార్ కోటు ఆనాటి ఫొటోల్లో నేటికీ కనిపిస్తుంది.

అదే కాలంలో చెల్సీలోని 488, కింగ్స్ రోడ్‌లో 'గ్రానీ టేక్స్ ఎ ట్రిప్' మొదలైంది. పాత బట్టలు సేకరించే షీలా కోహెన్, ఆమె స్నేహితుడు నైజెల్ వేమౌత్, దర్జీ పని నేర్చిన జాన్ పియర్స్ దాన్ని కలిసి నడిపారు. మొదట్లో షీలా సేకరణే అక్కడి సరుకు. దుకాణం ముఖద్వారాన్ని తరచు మార్చడం వాళ్ల పద్ధతి: ఒకప్పుడు అమెరికా ఆదివాసీ నాయకుడి ముఖం, ఇంకొకప్పుడు నటి జీన్ హార్లో బొమ్మ, మరొకప్పుడు గోడలోంచి దూసుకొస్తున్నట్టు బిగించిన డాడ్జ్ కారు ముందుభాగం. ప్రకటనలు వేయకుండానే ఊరంతా ఆ దుకాణం గురించి చెప్పుకునేది.

ఈ వ్యాపారానికి ఒక చిక్కు పుట్టుకతోనే ఉంది. ఒక పాత గౌను అమ్ముడుపోతే అలాంటిదే ఇంకొకటి ఆర్డరిచ్చి తెప్పించుకోలేరు. సంతలో దొరికేదాకా ఆగాలి. దొరికినా కొలత కుదరాలి, బట్ట చివికిపోయి ఉండకూడదు. గిరాకీ పెరిగేకొద్దీ ఎంచి తెచ్చే కన్ను ఒక్కటే సరిపోలేదు. అక్కడే పియర్స్ కత్తెర అక్కరకొచ్చింది. పాత ధోరణిలో కొత్తవి కుట్టడం మొదలైంది. 19వ శతాబ్దపు కళాకారుడు విలియం మోరిస్ గీసిన పూలతీగల నమూనాలను అచ్చొత్తిన పరదా గుడ్డతో కుట్టిన కోట్లు దుకాణానికి గుర్తింపు తెచ్చాయి. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ కూడా అలాంటి కోటు తొడిగాడు. 1969లో దుకాణం చేతులు మారింది. తర్వాతి యజమానులు పాప్ సంగీతకారుల కోసం మఖ్‌మల్ సూట్లు కుట్టించారు. 1970ల మధ్యలో అసలు దుకాణం మూతపడింది.

అదే వీధిలోని 430వ నంబరులో 1971లో మాల్కమ్ మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్ 'లెట్ ఇట్ రాక్' తెరిచారు. 1950ల రాక్ అండ్ రోల్ నాటి బట్టలు, రికార్డులు అమ్మడంతో మొదలుపెట్టారు. పాతవాటికి మరమ్మతులు చేస్తూ, వాటిని చూసి కొత్తవి కుడుతూ వెస్ట్‌వుడ్ కుట్టుపనిలో ఆరితేరింది. 1974 నాటికి పాత సరుకు పక్కకు జరిగి ఆమె సొంత డిజైన్లు ముందుకొచ్చాయి. కొన్నేళ్లకు అవే పంక్ వేషధారణకు పునాది అయ్యాయి.

ఇష్టంతో పోగుచేసిన పాత బట్టలే ఈ దుకాణాలకు మొదటి పెట్టుబడి. ఆ నిల్వ తరిగిపోయాక కింగ్స్ రోడ్ దుకాణాలు రెండూ కుట్టుపనినే ఆసరా చేసుకున్నాయి. లేనివాళ్ల సరుకుగా చూసిన పాత బట్టకు అభిరుచి గల కొనుగోలుదారులు దొరుకుతారని మాత్రం అవి నిరూపించాయి. నేటి వింటేజ్ దుస్తుల వ్యాపారం ఆ గిరాకీ మీదే నడుస్తోంది.