విమానప్రమాద విచారణలందు శ్రుతలేఖనము

వ్రాతప్రతులను పరిష్కరించు పండితులకు లేఖకదోషములు క్రొత్తవి కావు. తెలియని పదము తగిలినచోట తెలిసిన పదమును వ్రాయుట, చెదలు తిన్నచోట తన యూహతో పూరించుట, అంచున నున్న వ్యాఖ్యను మూలములో గలుపుట మున్నగునవి ప్రసిద్ధములు. కంటికెదుట నిలిచియున్న తాటియాకును జూచి వ్రాయుటయందే యిన్ని చిక్కులుండగా, చెవికి సోకిన మాటను వ్రాతలో బెట్టుటయందలి చిక్కులు వేఱుగ జెప్ప నక్కఱలేదు. గత శతాబ్దమున ధ్వనిని నిలుపు యంత్రములు వచ్చిన పిదప, ఆ ధ్వనిని మరల నక్షరములలోనికి దెచ్చు పని న్యాయస్థానములందును ప్రభుత్వ విచారణసంస్థలందును ముఖ్యమైన వృత్తి యయ్యెను. అందు మిక్కిలి కఠినమైనది విమానప్రమాదములను విచారించు సంస్థలలో జరుగునది. శ్రుతలేఖన మనగా నిచట బడిలో నుపాధ్యాయుడు చెప్పగా బాలురు వ్రాయునది గాదు. యంత్రమున నిలిచిన మాటను విన్నది విన్నట్లు వ్రాతలోనికి దెచ్చుట. ఆ పద్ధతి యెట్లేర్పడెను, అందు యథార్థత యనగా నేమి యను రెండంశములు ఈ వ్యాసమునకు విషయములు.

ఈ యంత్రమునకు పుట్టినిల్లు ఆస్ట్రేలియా. 1934 అక్టోబరు 19న ‘మిస్ హోబర్ట్’ అను విమానము బాస్ జలసంధిపై పోవుచు నదృశ్యమయ్యెను. అందు మరణించినవారిలో క్రైస్తవ మతాచార్యుడగు హ్యూబర్ట్ వారెన్ ఒకడు. ఆయన కుమారుడు డేవిడ్‌కు నాటికి తొమ్మిదేండ్లు. అతడు పెద్దవాడై మెల్‌బోర్న్ నగరమందలి విమానశాస్త్ర పరిశోధనాలయమున రసాయనశాస్త్రజ్ఞుడుగా చేరెను. ఆ కాలమున ‘కామెట్’ అను క్రొత్త జెట్ విమానములు వరుసగా కూలుచుండెను. వానిలో నొకటి 1953 మే 2న కలకత్తా సమీపమున గాలివానలో జిక్కి ముక్కలు కాగా నందలి 43 మందియు మరణించిరి. 1954లో మధ్యధరా సముద్రముపై మఱి రెండు కూలెను. వానినిగూర్చిన చర్చలలో పాల్గొన్న డేవిడ్ వారెన్‌కు, చనిపోయిన చోదకుల కడపటి మాటలు వినగలిగినచో కారణము తెలిసియుండును గదా యను తలంపు కలిగెను. 1954లోనే అతడొక లేఖాపత్రము వ్రాసెను. పిదప సన్నని ఉక్కుతీగపై నాలుగు గంటల సంభాషణను నిలుపగల నమూనాయంత్రమును నిర్మించెను.

స్వదేశమున దానికి తొలుత నాదరణ లభింపలేదు. పౌరవిమానములకు దానివలన తక్షణ ప్రయోజనము లేదని యధికారులు తలచిరి. తమపై వేగు పెట్టుటయని చోదకుల సంఘము భావించెను. 1958లో నొక బ్రిటిషు అధికారి యా యంత్రమును జూచి మెచ్చుకొనిన పిమ్మట దాని కింగ్లండున నాదరణ కలిగెను. 1960 జూన్ 10న క్వీన్స్‌లాండ్ రాష్ట్రములోని మకాయ్ యొద్ద నొక విమానము సముద్రమున బడి 29 మంది మరణింపగా, కారణము నిర్ధారణ కాలేదు. విచారణాధికారి యట్టి యంత్రము విమానములందుండవలెనని సూచించెను. అంతట ఆస్ట్రేలియా దానిని నిర్బంధముచేసిన మొదటి దేశమయ్యెను. నేడు లోకులు దీనిని ‘బ్లాక్ బాక్స్’ అందురు. నిజమునకు శిథిలములలో సులభముగా గానవచ్చుటకై దానికి నారింజరంగు పూయుదురు.

పూర్వపు యంత్రములలో ముప్పది నిమిషముల టేపు మాత్రమే యుండెడిది. అది వలయాకారమున దిరుగుచు పాతమాటలపై క్రొత్తమాటలు నెక్కించుచుండెడిది. తరువాతి యంత్రములు రెండుగంటలు నిలుపుచున్నవి. క్రొత్త విమానములకు 25 గంటల యంత్రము లుండవలెనను నియమము లేర్పడినవి. ఈ మార్పు కొఱగానిది కాదు. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానమొకటి యాకాశమున నుండగా ప్రక్కగోడలోని యొక భాగమూడిపోయెను. విమానము క్షేమముగా దిగెను గాని, ధ్వనియంత్రమును వేళకు నాపకపోవుటచే దానిపై క్రొత్తధ్వను లెక్కి పాతమాటలన్నియు నశించెను. ఏకైక ప్రతి యిట్లు పోయినచో నిక పరిష్కర్త చేయగల దేమియు లేదు.

ధ్వని లభించినను వెంటనే వ్రాయుటకు వీలుగాదు. ప్రమాదమున దెబ్బతిన్న టేపు తిరుగు వేగము మారవచ్చును. వేగము మారినచో స్వరము మారును, కాలము మారును. విమానములందలి విద్యుత్తు సెకండునకు 400 ఆవృత్తులు గలది. దాని సన్ననిమ్రోత టేపుపై నెక్కియుండును. ఆ మ్రోతను 400కు సరిపుచ్చి విచారకులు టేపు వేగమును సరిదిద్దుదురు. పిమ్మట విమానగమనమును నమోదుచేయు రెండవ యంత్రముతోను, నేలపై నున్న నియంత్రణకేంద్రపు టేపుతోను సరిపోల్చి, ఒక్కొక్క మాటకు సెకండుతోగూడ కాలము నిర్ణయింతురు.

అమెరికాలోని జాతీయ రవాణా భద్రతా మండలి యవలంబించు పద్ధతి గమనింపదగినది. అచట నొక్కడే కూర్చుండి వ్రాయడు. మండలి యధికారి యధ్యక్షుడుగా, విమానసంస్థ, నిర్మాణసంస్థ, చోదకసంఘము, ప్రభుత్వ నియంత్రణశాఖ మున్నగువారి ప్రతినిధులు సభ్యులుగా నొక వర్గ మేర్పడును. చనిపోయినవారి కంఠస్వర మెఱిగినవారిని గూడ పిలుతురు. వీరందఱు నొకే గదిలో నొకే మాటను పలుమారులు విని, యేకాభిప్రాయము కుదిరిన పిదపనే వ్రాయుదురు. విమానసంస్థకు నొక పాఠము ప్రియము, నిర్మాణసంస్థకు మఱియొక పాఠము ప్రియము కావచ్చును. పరస్పర విరుద్ధమైన ప్రయోజనములు గలవా రొకచోట గూర్చుండుటయే పాఠమునకు రక్ష.

ఆ పాఠమున వాడు గుర్తులు మన గ్రంథపరిష్కర్తల గుర్తులను దలపించుచున్నవి. అర్థముకాని మాటకు నక్షత్రపుగుర్తు, సందేహముతో గూడిన పాఠమునకు గుండ్రని కుండలీకరణము, వ్రాసినవారు చేర్చిన వివరణకు చదరపు కుండలీకరణము, విరామమునకు చుక్కలు. ఏ మైక్రోఫోనునుండి విన్నది, పలికినవాడు ప్రధానచోదకుడా సహచోదకుడా యనునది ప్రతిపంక్తికిని ముందు సూచింపబడును. పలికినవా డెవడో నిశ్చయము కానిచో ప్రశ్నార్థకముంతురు గాని పేరు పెట్టరు. మన ముద్రితకావ్యములందు ‘ఇచట గ్రంథపాతము’ అని వ్రాయు పరిష్కర్తయు, నక్షత్రము నుంచు నీ విచారకుడును నొకే ధర్మమును పాటించుచున్నారు. అంతేకాదు, అమెరికా శాసనము ననుసరించి యా ధ్వనిని బహిరంగపరుపరాదు, సంబంధించిన లిఖితపాఠమును మాత్రమే ప్రకటింపవచ్చును. కావున లోకమునకు మూలము దొరకదు. దొరకునది ప్రతి మాత్రమే. ఆ ప్రతియందలి తప్పును సరిచూచు నవకాశము పాఠకునకు లేదు.

పాఠభేదము లెంత ప్రాణాంతకములో 1977 మార్చి 27న కానరీద్వీపములలోని టెనెరీఫ్ విమానాశ్రయమున జరిగిన ప్రమాదము తెలుపుచున్నది. దట్టమైన మంచులో రెండు బోయింగ్ 747 విమానములు నొకే దారిపై నుండెను. హాలెండు దేశపు కె.ఎల్.ఎమ్. విమానము పరుగు మొదలిడి, యింకను దారి వీడని అమెరికా దేశపు పాన్ఆమ్ విమానమును ఢీకొనెను. 583 మంది మరణించిరి. విమానయాన చరిత్రలో నింతకు మించిన ప్రమాదము లేదు. కె.ఎల్.ఎమ్. సహచోదకుడు నియంత్రణాధికారితో ఆంగ్లమున బలికిన కడపటిమాట ‘వియ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అని కొందఱును, ‘వియ్ ఆర్ నౌ టేకింగ్ ఆఫ్’ అని కొందఱును గ్రహించిరి. మొదటిదానికి ‘బయలుదేరుచోట నున్నాము’ అనియు, రెండవదానికి ‘బయలుదేరుచున్నాము’ అనియు నర్థము. అధికారి మొదటి యర్థమునే గ్రహించెను. డచ్చిభాషయందు జరుగుచున్న పనిని దెలుపుటకు, ‘ఎట్’ అను నాంగ్లపదమునకు సమీపమైన విభక్తిని క్రియకు జేర్చు నలవాటు కలదు. తెలుగున ‘ప్రయాణములో నున్నాడు’ అన్నప్పుడు సప్తమీవిభక్తి స్థలమును గాక జరుగుచున్న పనిని దెలుపుట వంటిదే యిది. కావున నాతడు తన భాషాసంప్రదాయమును ఆంగ్లమున బలికియుండునని భాషాశాస్త్రజ్ఞులు కొంద ఱభిప్రాయపడిరి. వ్రాయువాడు ‘అర్థ మిట్లుండవలెను’ అని యా మాటను సవరించి వ్రాసినచో నీ విచారమునకే తావులేకపోవును.

అదే ప్రమాదమున మఱియొక విశేషము కలదు. విచారకులకు కె.ఎల్.ఎమ్. టేపు, పాన్ఆమ్ టేపు, నియంత్రణకేంద్రపు టేపు నను మూడు ప్రతులు లభించినవి. అధికారి ‘సరే’ యని, కొంచెమాగి, ‘బయలుదేరుటకు సిద్ధముగా నుండుడు, పిలిచెదను’ అనెను. అదే క్షణమున పాన్ఆమ్ వారు ‘మేమింకను దారిపైననే పోవుచున్నాము’ అని పలికిరి. రెండు ప్రసారము లొక్కమారు తగులుటచే కె.ఎల్.ఎమ్. టేపుపై ‘సరే’ యను మాట తరువాత నొక కీచుధ్వని యేర్పడెను. ఒక ప్రతిని మాత్రమే చూచినవానికి ‘సరే’ యనుట యనుమతివలె దోచును. మూడు ప్రతులు నొకచోట బెట్టి చూచినవానికే చెప్పబడినది వేఱు, వినబడినది వేఱు అని తెలియును. ఈ దుర్ఘటన పిమ్మట ‘టేకాఫ్’ అను పదమును అనుమతి నిచ్చునపుడును దానిని రద్దుచేయునపుడును దక్క వేఱుచోట్ల వాడరాదను నియమము విమానయానమున నేర్పడినది.

మాటను వ్రాయుట యొక చిక్కు. పరభాషలోని మాటను వ్రాయుట దానికి రెట్టింపు చిక్కు. 1999 అక్టోబరు 31న ఈజిప్టు దేశపు విమానమొకటి న్యూయార్కు నుండి కైరోకు బోవుచు అట్లాంటిక్ సముద్రమున గూలి 217 మంది మరణించిరి. ధ్వనియంత్రమున సహచోదకుడొకడు అరబ్బీభాషలో ‘తవక్కల్తు అలల్లాహ్’ అని పలుమారులు పలికినట్లు వినబడెను. ‘దైవమునందు భారముంచితిని’ అని దీని యర్థము. ముసల్మానులు ఏ పని యారంభించునపుడైనను సామాన్యముగా బలుకు వాక్యమిది. మనవారు ‘రామా’ యని లేచునట్టిది. అధికారిక పాఠము వెలువడకమునుపే, ‘ఇప్పుడు నేను నిశ్చయము చేసికొంటిని’ అను నర్థము గల వాక్యము గూడ నతడు పలికినట్లు పత్రికలు ప్రకటించెను. ఆ వాక్యము టేపుపై లేదని పిదప తేలెను. రెండుమూడు మాటల ప్రక్షిప్తముచేత ఒక దైవస్మరణము ఆత్మహత్యాసంకల్పముగా మారినది. అమెరికా మండలి 2002లో ప్రకటించిన నివేదికయందు ఆ వాక్యమును ‘దైవమునందు భారముంచితిని’ అను నర్థముతో మాత్రమే వ్రాసి, దానికి ముందు వినవచ్చిన యొకమాటను అర్థముకానిదిగానే విడిచిరి. విమానము సహచోదకుని చర్యలచేతనే క్రిందికి దిగెనని మండలి నిర్ణయించెను, కాని యందులకు హేతువును నిర్ణయింపలేదు. ఈజిప్టు ప్రభుత్వ మా నిర్ణయము నంగీకరింపలేదు. వివాద ముండెను గాక. పాఠము మాత్రము కల్పితవాక్యమును దనలో జేర్చుకొనలేదు.

శ్రుతలేఖనమునకు మాటలే కాక మాటలుగాని ధ్వనులును విషయములే. 2010 మే 22న మంగుళూరున దిగుచు కొండయంచు దాటి పడిన విమానమున 158 మంది మరణించిరి. అందలి రెండుగంటల ధ్వనిలో మొదటి గంటా నలువది నిమిషములు ప్రధానచోదకుని మాట వినరాలేదు. అప్పుడప్పుడు గురకయు, దీర్ఘశ్వాసయు, కడపట గొంతు సవరించుకొనుటయు, దగ్గును వినవచ్చెను. విమానము మిక్కిలి యెత్తున నుండగా సహచోదకుడు దిగుట మానుకొనుమని ముమ్మారు హెచ్చరించెను. మాటలను మాత్రమే వ్రాసి మౌనమును విడిచినచో, చోదకుడు గాఢనిద్రనుండి లేచి సరిగా తేఱుకొనని స్థితిలో విమానమును నడపియుండవచ్చునను సహాయకారణము తెలియనే తెలియదు.

ఇక సంక్షేపమువలన గలుగు చిక్కునకు దృష్టాంతము 2025 జూన్ 12 నాటి అహమ్మదాబాదు ప్రమాదము. అందు విమానములోని 241 మందియు నేలపైని 19 మందియు, మొత్తము 260 మంది మరణించిరి. జూలై 12న వెలువడిన ప్రాథమిక నివేదికయందు ఇంధనపు మీటలు రెండును ఒక సెకండు వ్యవధిలో మూసినస్థితికి మారినవనియు, నీవేల మూసితివని చోదకులలో నొకడు రెండవవానిని ప్రశ్నింపగా తాను మూయలేదని యాతడు బదులుచెప్పెననియు పరోక్షముగా వ్రాసిరి. ఎవ రడిగిరో, ఎవరు చెప్పిరో, పలికిన మాటలు సరిగా నేవియో యందు లేవు. విచారణ ముగియకమునుపు సర్వమును వెల్లడింపకుండుట యంతర్జాతీయ నియమములకు విరుద్ధము గాదు. అట్టి నివేదికల యుద్దేశము మరల ప్రమాదము జరుగకుండ జేయుటయే గాని యొకరిని దోషిని జేయుట గాదు. అయినను ప్రత్యక్షకథనము లేనిచోట లోకము తన కల్పన నుంచును. కొన్నిదినములలోనే దేశదేశముల పత్రికలు ఆ ప్రశ్నోత్తరములకు తమకు దోచిన కర్తలను గల్పించెను. చనిపోయినవారు తమ పక్షమున బదులుచెప్పజాలరు. వారి పక్షమున మాటాడునది ఆ టేపును, దానిని వ్రాసిన చేతియు మాత్రమే.

పై యుదాహరణములనుబట్టి యొక సిద్ధాంతము తేలుచున్నది. శ్రుతలేఖనమున యథార్థత యనగా ప్రతిఖాళిని పూరించుట గాదు. ఏది విన్నది, ఏది సందేహము, ఏది వినరానిది, ఎవరు పలికినది యను నాలుగింటిని వేఱువేఱుగ నుంచుట. శబ్దము నొకచోటను, దాని యర్థనిర్ణయమును వేఱొకచోటను నిలుపుట. యంత్రములే వినివ్రాయు పరికరములు నేడు కార్యాలయములందు బ్రవేశించినవి. అవి సందేహించుట యెఱుగక వినరానిచోట గూడ నొక చక్కనివాక్యమును గూర్చి యిచ్చు దోషము గలవి. మన పూర్వలేఖకులలో గొంచెము పాండిత్యము గలవారి దోషమే యిది. అందుచే వినివ్రాయు యంత్ర మెంత పెరిగినను మూలముతో సరిచూచు పరిష్కర్త యక్కఱ తీఱదు. తనకు దెలియనిచోట దెలియదని గుర్తుంచిన లేఖకుడే విశ్వాసపాత్రుడని గ్రంథపరిష్కరణశాస్త్రము చిరకాలముగా జెప్పుచున్నది. ప్రాణములతో గూడిన వ్యవహారములలో నా నియమమే న్యాయమగుచున్నది.