రామప్ప నల్లరాతి సుందరి నుండి లైపోసక్షన్ దాకా

వరంగల్ నుండి ములుగు మీదుగా పాలంపేట చేరినవారు రామప్ప గుడి చూరు కింద నిలిచిన మదనికలను తలెత్తి చూడక మానరు. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆలయమది. గోడలు ఎర్ర ఇసుకరాయి. ఆ స్త్రీమూర్తులను మాత్రం శిల్పులు నల్లరాతిలో చెక్కి అద్దంలా నునుపుచేశారు. ఆ నడుములు శిల్పి ఊహే తప్ప శరీరశాస్త్రం కాదు. అయినా వాటి నలుపు ఒక లోపమని నేను ఎవరి నోటా వినలేదు. అదే యాత్రికులు ఇంటికి వెళ్లి, పెళ్లి సంబంధాల మాట వచ్చేసరికి 'పిల్ల చామనఛాయ' అని గొంతు తగ్గిస్తారు!

రూపాన్ని సరిదిద్దే శస్త్రచికిత్స మనకు కొత్తది కాదు. తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి నిర్మించే విధానాన్ని సుశ్రుత సంహిత వర్ణించింది. టిప్పు సుల్తాను సైనికుల చేతిలో ముక్కు పోగొట్టుకున్న కవాస్‌జీ అనే బండివానికి పుణె ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు అమర్చిన తీరును 1794లో లండన్ పత్రిక 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' బొమ్మతో సహా ప్రకటించింది. ఆ పద్ధతినే 1814లో జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో అనుసరించారు. ముక్కు కోయడమంటే మనిషిని నలుగురిలో తలెత్తుకోనివ్వకపోవడం. ఆనాటి వైద్యుడు, ఇతరులు దౌర్జన్యంగా లాక్కున్నదాన్ని తిరిగి ఇచ్చాడు.

1970ల చివర పారిస్‌లో ఇల్లూజ్ లైపోసక్షన్‌కు నేటి రూపం ఇచ్చారు. చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చివేయడమే ఈ చికిత్స. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో మనందరికీ పరిచయమైన ఆర్తీ అగర్వాల్, ఈ శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాలకు, 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో మరణించారు. వయసు 31. ఆమెకు శ్వాస సమస్య కూడా ఉండినట్లు వార్తలు వచ్చాయి; రికార్డులు చూడకుండా మరణకారణం నిర్ణయించడం వైద్యుడికి తగదు. కాని కథానాయిక కాస్త ఒళ్లు చేస్తే పరిహసించే అలవాటు మన ప్రేక్షకులది కాదని అనగలమా?

ప్రాక్టీసు చివరి రోజుల్లో హనుమకొండ నుండి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకు వచ్చింది. పొట్ట కొవ్వు తీయించాలట. పిల్ల బరువు ఎత్తుకు తగ్గట్టే ఉంది. "నీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగితే తల్లే బదులిచ్చింది: "పిల్లగానోళ్లు జర సన్నగైతే చూస్తమన్నరు సార్." పిల్ల తలెత్తలేదు. కత్తి అవసరమైన జబ్బేదీ నాకు ఆ గదిలో కనిపించలేదు. అదే చెప్పి పంపాను.

లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు. కొవ్వు రేణువులు లేదా రక్తపు గడ్డలు ఊపిరితిత్తులకు చేరడం, అధిక రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మత్తుమందు ఇబ్బందులు అరుదే అయినా ప్రాణాంతకాలు. ఇప్పటికే చేయించుకున్నవారికి ఆయాసం, ఛాతీనొప్పి, కాలివాపు, జ్వరం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.