బేగంపేట నుంచి గన్నవరం ఎంత దూరం?

కొన్నేళ్ల క్రితం మాట. నాన్నకి ఒంట్లో బాగోలేదని విజయవాడ నుంచి ఫోనొచ్చింది. నేను కూకట్‌పల్లి నుంచి విమానానికి పరిగెత్తాను. మా బావ అదే టైముకి కారేసుకుని బయల్దేరాడు. తీరా నేను వెళ్లేసరికి ఆయన నాన్న మంచం పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నాన్న కోలుకున్నారు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటున్నాం గానీ, ఆ రోజు మాత్రం లెక్క ఎక్కడ తప్పిందో అర్థం కాలేదు.

ముందు చరిత్ర చూద్దాం. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపారు. 1953లో జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అప్పటి డకోటా విమానాల వేగం గంటకి సుమారు 280 కిలోమీటర్లు. బేగంపేట నుంచి గన్నవరం గాల్లో దాదాపు 268 కిలోమీటర్లు. అంటే డకోటా అయితే గంట ప్రయాణం.

2003లో ఎయిర్ డెక్కన్ ఈ రూట్లో మొదటి విమానం ఎగరేయబోతే ఇంజనులో మంటలొచ్చాయి. వెంకయ్యనాయుడు గారు కూడా అందులోనే ఉన్నారు. అదృష్టం బాగుండి అందరూ క్షేమంగా దిగారు. మనబోటివాళ్లు విమానం గురించి ఆలోచించడం మొదలుపెట్టింది ఆ చవక టిక్కెట్ల రోజుల్లోనే. ఏటీఆర్ వేగం గంటకి 500 దాకా ఉంటుంది. మరి ప్రయాణం అరగంటే ఉండాలిగా? టిక్కెట్ మీద మాత్రం ఇంచుమించు గంటే!

మన భాషలో చెప్పాలంటే, ఇక్కడ పని కన్నా ఓవర్‌హెడ్ ఎక్కువ. టిక్కెట్ మీది సమయం గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా పాకడం, క్యూలో ఆగడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పుగాలి ఉంటే మనవైపు నుంచి నేరుగా దిగొచ్చు, పడమటి గాలైతే చుట్టు తిరిగి రావాలి. ఇంత చిన్న దూరంలో వేగం రెట్టింపైనా మిగిలేది కొద్ది నిమిషాలే.

అసలు మలుపు 2008 మార్చి 23. బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. శంషాబాద్ నుంచి గన్నవరం దాదాపు 264 కిలోమీటర్లు. అంటే మ్యాపు మీద దూరం నాలుగు కిలోమీటర్లు తగ్గింది! కానీ అమీర్‌పేటవాడికి పక్కవీధిలాంటి విమానాశ్రయం ఊరి అవతలకి వెళ్లిపోయింది. 2009లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక కొంత నయం, అదైనా మెహిదీపట్నం దాకా చేరుకున్నాకే.

నా ఆ రోజు లెక్క ఇదీ: క్యాబ్ గంటన్నర, ముందుగా చేరి ఎదురుచూసింది గంటన్నర, ఆలస్యం గంట, ప్రయాణం గంట, గన్నవరం నుంచి ఇంటికి ముప్పావుగంట. మొత్తం ఆరు గంటలకి పావుగంట తక్కువ. అందులో విమానం నిజంగా ముందుకి దూసుకెళ్లింది అరగంటో, కాస్త ఎక్కువో.

శంషాబాద్ వద్దని కాదు. బేగంపేటకి ఎదిగే చోటు లేదు, అమెరికా వెళ్లేవాడికి ఆ అదనపు గంట లెక్కలోకి రాదు. దెబ్బంతా పక్క ఊరికి వెళ్లేవాడికే. అందుకే ఇంకో ఊళ్లో కొత్త విమానాశ్రయం కడతామన్నప్పుడు రన్‌వే ఎంత పొడవని అడిగేముందు ఇంటి నుంచి ఎంతసేపని అడగాలి.

ఈసారి ఫోనొస్తే మాత్రం నేను బావ కారెక్కేస్తా.