నీళ్ళ హుక్కా నుంచి బ్యాటరీ సిగరెట్ దాకా

సిగరెట్ మానెయ్యాలనుకునేవాడు సాధారణంగా మొదట అడిగేది "ఎలా మానాలి?" అని కాదు, "దీనికి బదులు ఏది పట్టుకోవాలి?" అని. ఇది ఇవాళ్టి ప్రశ్నేమీ కాదు. మన దేశంలోకి పొగాకు వచ్చి నాలుగు వందల ఏళ్ళు దాటింది. అప్పటినుంచీ "ఇలా తాగితే అంత హాని ఉండదు" అంటూ ఎవరో ఒకరు ఏదో ఒక పరికరం చూపిస్తూనే ఉన్నారు. వాటిలో కొన్ని అమాయకపు నమ్మకాలు, కొన్ని పచ్చి మోసాలు, ఒకటి రెండు మాత్రం నిజంగా పనికొచ్చేవి. ఏది ఏ కోవలోదో తేల్చుకోవడం ఎలా? అది తెలుసుకోవాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

అసద్ బేగ్ అనే మొగల్ అధికారి 1604 ప్రాంతంలో బీజాపూర్ నుంచి ఆగ్రాకి తిరిగివస్తూ అక్బరు కోసం పొగాకునూ, రత్నాలు పొదిగిన ఒక గొట్టాన్నీ తెచ్చాడు. అక్బరు రెండు మూడు దమ్ములు లాగాడు. ఆస్థాన హకీము అడ్డుపడ్డాడు. మన పెద్దలెవరూ దీని గురించి రాయలేదు, పరీక్ష చెయ్యకుండా ఫిరంగీల అలవాటుని మనం నెత్తికెత్తుకోవడం ఎందుకు అన్నాడు. అసద్ బేగ్ ఊరుకోలేదు. లోకంలో ప్రతి ఆచారమూ ఒకప్పుడు కొత్తదే కదా అని వాదించాడు. ఆ జవాబు అక్బరుకి నచ్చింది. ఈ సంగతంతా అసద్ బేగే రాసి పెట్టాడు.

ఈ వాదనలో ఎవరు గెలిచారని నన్నడిగితే ఇద్దరూ గెలవలేదంటాను. పెద్దలు రాయలేదు కాబట్టి చెడ్డదనడం ఎంత తప్పో, కొత్తది కాబట్టి మంచిదనడం కూడా అంతే తప్పు. అయితే హకీము నోట ఒక మంచి మాట వచ్చింది: పరీక్ష. ఆ పరీక్ష ఎలా చెయ్యాలో మాత్రం ఆనాడు ఎవరికీ తెలియదు. అది తెలియడానికి ఇంకో మూడున్నర శతాబ్దాలు పట్టింది.

ఈలోగా హుక్కా వచ్చింది. అక్బరు కొలువులోని హకీం అబుల్ ఫత్ గిలానీ పొగాకు హాని తగ్గించడానికి పొగని నీళ్ళలోంచి పంపే ఏర్పాటు కనిపెట్టాడనే కథ ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. ఒక్కసారి తేదీలు చూడండి. అబుల్ ఫత్ 1589లో చనిపోయాడు. అసద్ బేగ్ చెప్పినదాని ప్రకారం పొగాకు ఆ కొలువుకి చేరింది 1604 ప్రాంతంలో. రాని రోగానికి ముందే మందు కనిపెట్టాడా? హుక్కా ఎవరు కనిపెట్టారన్నది అలా ఉంచి, అసలు నమ్మకం సంగతి చూద్దాం. నీళ్ళు పొగని చల్లబరుస్తాయి. గొంతు మండదు. మండలేదు కాబట్టి హాని లేదనుకున్నారు. కానీ తారు, కార్బన్ మోనాక్సైడ్ నీళ్ళని దాటుకుని ఊపిరితిత్తుల్లోకి వెళ్తూనే ఉంటాయి. హాయిగా ఉండడం వేరు, హాని లేకపోవడం వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

జహంగీరు 1617లో పొగాకుని నిషేధించాడు. ఇరాన్‌లో షా అబ్బాస్ కూడా అదే పని చేశాడు. ఆ ఇరాన్‌కే జహంగీరు పంపిన రాయబారి ఖాన్ ఆలం గొట్టం వదిలి ఒక్క క్షణం ఉండలేనివాడు! ఫర్మానా ఫర్మానాగానే ఉండిపోయింది, పొగాకు పల్లెలకి పాకింది.

తర్వాతి కథ మన ఇంటి కథే. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ పుట్టింది. అదే ఇవాళ్టి ఐటీసీ. 1930లో హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ మొదలై చార్మినార్ సిగరెట్ ఇంటింటి పేరు అయింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వర్జీనియా పొగాకు పంట, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళ చేతులు, ఇవన్నీ ఆ పొగ వెనకాల బతుకులు. ఇక శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ ఉండనే ఉంది. చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. ఎక్కువగా ఆడవాళ్ళు చేసేవారు. అంగిలి క్యాన్సర్‌కీ ఈ అలవాటుకీ ఉన్న సంబంధాన్ని విశాఖపట్నం డాక్టర్లు దశాబ్దాల కిందటే బయటపెట్టారు.

హకీము అడిగిన పరీక్ష 1950లో జరిగింది. ఇంగ్లండులో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్, అమెరికాలో విండర్, గ్రాహం ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారినీ, లేనివారినీ పక్కపక్కన పెట్టి లెక్కలు తీశారు. సిగరెట్ దోషి అని తేలింది. కంపెనీలు వెంటనే కొత్త హుక్కాలు తయారుచేశాయి. 1952లో అమెరికాలో వచ్చిన కెంట్ సిగరెట్‌కి "మైక్రోనైట్ ఫిల్టర్" ఉండేది. ఆరోగ్యానికి రక్ష అని ప్రచారం చేశారు. అందులో వాడినది నీలి ఆస్‌బెస్టాస్! అది తనంతట తానే క్యాన్సర్ తెచ్చే పదార్థం. 1956 దాకా అలాగే అమ్మారు. ఆ తర్వాత "లైట్" సిగరెట్లు వచ్చాయి. ఫిల్టర్ చుట్టూ సన్నటి రంధ్రాలు పెడితే, కొలిచే యంత్రం గాలిని కూడా కలిపి పీల్చి తారు తక్కువని చూపించేది. మనిషి మాత్రం ఆ రంధ్రాలని వేళ్ళతో మూసేసి, ఇంకా గట్టిగా లాగి, తనకి కావలసిన నికోటిన్ తాను తీసుకున్నాడు. యంత్రం మీద చేసిన పరీక్ష మనిషి మీద చేసిన పరీక్ష కాదని దీనితో తెలిసింది.

అసలు కిటుకుని లండన్‌లో మైకేల్ రస్సెల్ అనే మనోరోగ వైద్యుడు 1976లో సూటిగా చెప్పాడు. జనం పొగ తాగేది నికోటిన్ కోసం, చచ్చేది తారు వల్ల. అంటే బానిసని చేసేది ఒకటి, చంపేది ఇంకొకటి. అప్పటికే స్వీడన్‌లో ఓవె ఫెర్నో అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ దారిలో ఉన్నాడు. జలాంతర్గాముల్లో పొగ తాగడం కుదరని నావికులు నోట్లో పొగాకు పెట్టుకుని సరిపెట్టుకుంటున్నారని 1967లో ఒక మిత్రుడు ఆయనకి రాశాడు. ఆ ఉత్తరం నుంచి పుట్టినదే నికోటిన్ చ్యూయింగ్ గమ్. 1978లో స్విట్జర్లాండులోనూ, 1984లో అమెరికాలోనూ దానికి అనుమతి వచ్చింది. పొగ తీసేసి, నికోటిన్ మాత్రం ఇచ్చి, మెల్లగా అదీ తగ్గించడం. నాలుగు వందల ఏళ్ళలో మొదటి నిజాయితీ గల పరికరం ఇదే అనుకుంటాను.

రెండోది ఈ-సిగరెట్. 1963లోనే హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ పొగాకు లేని, పొగ లేని సిగరెట్‌కి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాడు. 1965లో వచ్చింది. ఎవరూ తయారుచెయ్యలేదు. 2003లో చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి పరికరానికి మూలరూపం తయారుచేశాడు. ఆయనా సిగరెట్లు తాగేవాడే. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ కలిపిన ద్రవంలో నికోటిన్ ఉంటుంది. బ్యాటరీ ఒక తీగచుట్టని వేడిచేస్తే ద్రవం ఆవిరై పొగలా కనిపిస్తుంది. ఇక్కడ ఏదీ కాలదు. తారు, కార్బన్ మోనాక్సైడ్ పుట్టేది కాలడం వల్లనే.

"ఇదీ ఇంకో హుక్కానే కాదా?" అని మీరడగవచ్చు. అడగాలి కూడా. జవాబు యంత్రం మీద కాదు, మనుషుల మీద వెతకాలి. 2019లో ఇంగ్లండులో పీటర్ హాయెక్ బృందం 886 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి ఈ-సిగరెట్, రెండో గుంపుకి గమ్, పట్టీల వంటివి. ఏడాది తర్వాత సిగరెట్ మానేసి ఉన్నవారు మొదటి గుంపులో 18 శాతం, రెండో గుంపులో 9.9 శాతం. ఇది ఒక పక్క. రెండో పక్కా చెప్పకపోతే అది హేతువాదం కాదు. ఈ-సిగరెట్‌తో మానినవారిలో 80 శాతం ఏడాది తర్వాత కూడా ఈ-సిగరెట్ వాడుతూనే ఉన్నారు. గమ్ గుంపులో అలా తమ సాధనాన్ని ఇంకా పట్టుకుని ఉన్నవారు 9 శాతమే. పైగా 2003లో పుట్టిన వస్తువుకి నలభై ఏళ్ళ ఆరోగ్య లెక్కలు ఎక్కడినుంచి వస్తాయి? సిగరెట్ కంటే హాని బాగా తక్కువ, కానీ హాని లేనిది కాదు. సిగరెట్ తాగనివాడికి దీనితో పనే లేదు.

మా ఇంట్లోనే ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. మా బావమరిది ఇంగ్లండులో ఉద్యోగం. రోజుకి ఒక పెట్టె. "బావా, దుకాణంలకి పోతే వంద రకాలున్నయి, మొదటిది ఏది కొనాలె?" అని ఫోన్ చేశాడు. అక్కడి నిబంధనలు చదివి నేను చెప్పింది ఇది. ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు మించకూడదని, ట్యాంకులో 2 మిల్లీలీటర్లే పట్టాలని అక్కడ చట్టం. వాడి పారేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించారు. కాబట్టి మళ్ళీ నింపుకోగల చిన్న పాడ్ కొనుక్కో. సిగరెట్‌లాగా ముందు నోట్లోకి, తర్వాత లోపలికి లాగే రకం చూడు. మేఘాలు వదిలే పెద్ద యంత్రాలు మొదటిరోజే వద్దు. నికోటిన్ మరీ తక్కువతో మొదలుపెట్టకు. వీరుడిననుకుని 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినవాడు సాయంత్రానికి సిగరెట్ పెట్టె కొంటాడు. పెట్టె తాగేవాడివి కాబట్టి 20తో మొదలుపెట్టి, నెలలు గడిచాక దించు. కాయిల్ మాడు వాసనొస్తే వెంటనే మార్చు. అన్నిటికంటే ముఖ్యం, అదీ ఇదీ రెండూ తాగకు. రోజుకి ఐదు సిగరెట్లు మిగుల్చుకుంటే గుండెకి జరిగే హాని పెద్దగా తగ్గదు.

ఆ మాటలు పక్కనుండి మా మామగారు విన్నారు. నిజామాబాదులో ఉంటారు, నలభై ఏళ్ళ బీడీ. "అల్లుడా, గా కరెంటు బీడీ నాకొకటి పంపియ్యమను" అన్నారు. పంపించలేం. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. భారతదేశంలో ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలకి మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దొంగచాటుగా దొరికేవాటిలో ఏ ద్రవం ఉందో చెప్పే నాథుడు లేడు. 2019లో అమెరికాలో ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఘటనలు వచ్చాయి. 2020 ఫిబ్రవరికల్లా 68 మంది చనిపోయారు. చాలావరకు అవి గంజాయి సారం కలిపిన ద్రవాలు. ముఖ్య కారణంగా తేలింది విటమిన్ ఇ ఎసిటేట్ అనే కల్తీ.

ఈ నిషేధానికి కారణాలు లేకపోలేదు. 2019లో అమెరికా హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం ఈ-సిగరెట్ వాడుతున్నట్టు సర్వేలో తేలింది. అది చూసి ఏ ప్రభుత్వమైనా భయపడుతుంది. కానీ 2016-17 సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో 28.6 శాతం ఏదో ఒక పొగాకు వాడుతున్నారు. సిగరెట్ తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం, నమిలే రకాలు వాడేవారు 21.4 శాతం. అంటే ఈ-సిగరెట్ ఉండాలా వద్దా అని నగరాల్లో జరిగిన వాదనలో మా మామగారి బీడీ ఏ పక్కనా లేదు. హాని తక్కువది నేరమైంది, హాని ఎక్కువది ప్రతి కిళ్ళీ కొట్టులో అమ్ముడుపోతోంది. ఆ సిగరెట్ కంపెనీలో ప్రభుత్వ బీమా సంస్థ ఎల్‌ఐసీ పెద్ద వాటాదారు అన్న సంగతి కూడా పాఠకులు గమనించాలి.

మామగారికి దొరికే దారి ఫెర్నో గమ్. 2 మిల్లీగ్రాములది మందుల షాపులో దొరుకుతుంది. నిద్రలేచిన అరగంటలోపే బీడీ ముట్టించేవారికి 4 మిల్లీగ్రాములది అవసరం, డాక్టరుని అడగాలి. దాన్ని మామూలు గమ్‌లా గబగబా నమిలి మింగకూడదు. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గలో పెట్టి ఉంచాలి. దానికి పావుగంట ముందు టీ తాగకూడదు. పొగాకు పెట్టెల మీద అచ్చేసే 1800-11-2356 కి ఉచితంగా ఫోన్ చేస్తే మాట్లాడి ధైర్యం చెప్పేవారున్నారు. ఆయన మూడు నెలలు మానేసి, ఒక పెళ్ళిలో మళ్ళీ మొదలుపెట్టి, ఇప్పుడు రెండోసారి ప్రయత్నిస్తున్నారు. చాలామంది ఒక్కసారితో మానలేరు. అది చేతకానితనం కాదు, నికోటిన్ స్వభావమే అంత.

భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్నే నిషేధించింది. దొంగరవాణా పెరిగింది. 2010లో ఇంకా కఠినమైన చట్టం తెచ్చింది. చివరికి 2021లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. జహంగీరు ఫర్మానాకి ఏమైందో నాలుగు శతాబ్దాల తర్వాత దీనికీ అదే అయింది. ఒక వస్తువుని మంచిదనో చెడ్డదనో ముద్ర వెయ్యడం తేలిక. దేనికంటే మంచిది, ఎవరికి మంచిది, ఎంత మోతాదులో, ఎవరు కొలిచారు అని అడగడమే కష్టం. మీ ఇంట్లో ఎవరైనా మానేద్దామనుకుంటుంటే నీతులు చెప్పకండి, ఈ నాలుగు ప్రశ్నలూ వాళ్ళతో కలిసి అడగండి. మీరున్న దేశంలో చట్టం అనుమతించే సాధనాల్లో మంటలేనిదాన్ని ఎంచుకుని, ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెని వంటింటికే పరిమితం చెయ్యండి.