వేగానికి కాపలా - కాపలాకు కాపలా

మన సంఘ సభ్యులలో పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చినవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. అక్కడ కొడుకో మనుమడో నడిపే స్పోర్ట్స్ కారులో ముందుసీట్లో కూర్చున్నవారికి అద్దం ప్రక్కన ఒక చిన్న నల్లని పెట్టె కనిపించి ఉండవచ్చు. ఉన్నట్టుండి అది కీచుమంటుంది, కారు వేగం తగ్గుతుంది. "ఏందిరా అది?" అంటే "ఏం లేదు తాతా" అంటాడు మనుమడు. దానిని రాడార్ డిటెక్టర్ అంటారు. ముందెక్కడో పోలీసులు వేగం కొలుస్తున్నారని ముందుగా చెప్పడమే దాని పని. కరెంటు తీగ కూడా పైకి కనపడకుండా కారు ఒంట్లోనే దాచి బిగిస్తారు. ఈ పెట్టె చరిత్ర అమెరికాలో మొదలు కాలేదనీ, ఆ విద్య మన కర్నూలు - బళ్లారి రోడ్డు మీద కూడా వేరొక రూపంలో నడిచిందనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వేగానికి కాపలా మోటారు బండితోనే పుట్టింది. ఇంగ్లండులో 1865 నాటి చట్టం ప్రకారం యంత్రంతో నడిచే బండి ఊళ్ళో గంటకు 2 మైళ్ళు దాటరాదు. ముందు ఒక మనిషి నడవాలి. 1896లో కెంట్ ప్రాంతంలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన గంటకు 8 మైళ్ళ వేగంతో వెళ్ళాడని ఒక పోలీసు జవాను సైకిలెక్కి తరిమి పట్టుకొన్నాడు. జరిమానా ఒక షిల్లింగు, ఖర్చులు అదనం. వేగానికి జరిమానా కట్టిన మొదటి మోటారు మనిషిగా చరిత్రలో ఆయన పేరు నిలిచిపోయింది. 8 మైళ్ళంటే మన కిలోమీటర్లలో 13కు తక్కువే. ఈనాడు కోడుమూరు బజారులో ఆటో అంతకంటే వేగంగా పోతుంది.

ఆ యేడే ఆ చట్టం మారింది. 1903లో వచ్చిన కొత్త చట్టం పరిమితిని 20 మైళ్ళకు పెంచింది. అప్పుడు పోలీసులు ఒక ఉపాయం కనిపెట్టారు. రోడ్డు ప్రక్క పొదల్లో కొలిచిన దూరానికి ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చొని, స్టాప్‌వాచీతో కాలం చూసి వేగం లెక్కగట్టేవారు. మోటారు యజమానులు ఊరుకుంటారా? 1905లో లండన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ అనే సంఘం పెట్టుకొన్నారు. సంఘం తరఫున సైకిళ్ళ మీద తిరిగే స్కౌట్లు ముందున్న పొదల రహస్యాన్ని సభ్యులకు చేరవేసేవారు. ఇలా హెచ్చరించడం పోలీసుల విధికి ఆటంకం కలిగించడమేనని 1910 ప్రాంతంలో కోర్టు తీర్పు చెప్పింది. దానికి సంఘం పన్నిన విరుగుడు చూడండి: సభ్యుని కారు కనిపిస్తే స్కౌటు సెల్యూట్ కొట్టాలి, కొట్టలేదంటే కారు ఆపి కారణం అడుక్కోవాలి. సెల్యూట్ కొట్టనందుకు ఏ కోర్టూ శిక్ష వేయలేదు కదా! రాడార్ అనే మాటే పుట్టని కాలంలో నెత్తిమీద టోపీ పెట్టుకొన్న రాడార్ డిటెక్టర్ ఆ స్కౌటు.

మన దగ్గర ఈ స్కౌటు పనిని లారీ డ్రైవర్లు జీతం లేకుండా చేశారు. మోటారు వాహనాల తనిఖీ అధికారిని ఈనాటికీ పెద్దవాళ్ళు 'బ్రేకిన్‌స్పెక్టరు' అనే అంటారు. ఆయన జీపు ఏ చెట్టుక్రింద ఉందో ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పితే తెలిసిపోయేది. పట్టపగలు లైటు వెలిగిందంటే అర్థం అదే. డ్రైవరు వేగం తగ్గించేవాడు. టాపు మీద కూర్చున్నవాళ్ళను దింపి ఫర్లాంగు దూరం నడిపించేవాళ్ళూ ఉండేవారు. ప్రైవేటు బస్సులు కలెక్షను కోసం ఒకదాన్నొకటి దాటుకొని పోయిన రోజులవి. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. మన జిల్లా పడమటి భాగంలోని బస్సు రూట్లను జాతీయం చేయబోతే యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1964లో ఆ తీర్పు ప్రభుత్వానికి వ్యతిరేకంగా వచ్చింది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు పదవికి రాజీనామా చేశారు. బస్సు రూటు మీద ముఖ్యమంత్రి పదవి పోయిన చరిత్ర మన జిల్లాది!

ఇక రాడార్ దగ్గరకు వద్దాం. హారను కొట్టుకుంటూ వచ్చే బస్సు మనలను దాటగానే ఆ కూత సన్నదనం తగ్గి బొంగురవుతుంది. దీని గుట్టును 1842లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ చెప్పాడు. మూడేండ్ల తర్వాత హాలండులో బాలట్ అనే శాస్త్రజ్ఞుడు రైలుబండిలో బాకాలు ఊదేవాళ్ళను కూర్చోబెట్టి, పట్టాల ప్రక్కన సంగీతం తెలిసిన వాళ్ళను నిలబెట్టి దానిని నిరూపించాడు. రాడార్ గన్ చేసేది అదే పని. కాకపోతే కూతకు బదులు రేడియో తరంగం. పంపిన తరంగానికీ, కారుకు తగిలి తిరిగి వచ్చిన తరంగానికీ మధ్య తేడాను అది లెక్కిస్తుంది. సెకనుకు 1,052 కోట్ల కంపనాలు గల తరంగాన్ని పంపితే, గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే బండి దగ్గర నుంచి సుమారు 1,950 కంపనాల తేడాతో తిరిగి వస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో పెరిగిన ఈ విద్యను 1947లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రోడ్డు మీద పరీక్షించారు. 1949 నుంచి జరిమానాలు వేశారు.

మరి డిటెక్టర్‌కు ముందే ఎలా తెలుస్తుంది? చీకట్లో చేని గట్టున ఒకడు బ్యాటరీ లైటు వేసికొని వెదుకుతున్నాడనుకోండి. మన మీద పడిన వెలుతురు తిరిగి వెళ్ళి అతని కంటికి ఆనాలంటే మనం దగ్గరలో ఉండాలి. కాని ఆ లైటు మనకు అంతకంటే ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. డిటెక్టర్ బలమంతా అక్కడే ఉంది.

దీనికి గిరాకీ తెచ్చింది చమురు కరువు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1974 జనవరిలో అమెరికా ప్రభుత్వం దేశమంతటా 55 మైళ్ళు, అంటే సుమారు 88 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. గంటకు 150 మైళ్ళు పోగల స్పోర్ట్స్ కారు కొన్నవాడికి అది గుర్రాన్ని కొని గాడిద నడక నడిపించినట్లయింది. 'ఫజ్‌బస్టర్' అనే పెట్టె ఆ కాలంలోనే అమ్ముడుపోయింది. 1978లో సిన్సినాటిలో తయారైన 'ఎస్కార్ట్' దానికంటే సున్నితమైనది. దాని రహస్యం మన ఇళ్ళలోని పాత మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలలో ఉన్నదే. వచ్చిన తరంగాన్ని లోపల పుట్టించిన మరొక తరంగంతో కలిపి, తేలికగా పట్టుబడే తరంగంగా మార్చే సూపర్‌హెటరోడైన్ పద్ధతి అది. 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టాడు. ఏటేటా పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టిన మన తరానికి ఇది కొత్త సంగతి కాదు.

మొదట్లో ఈ పెట్టెకు కరెంటు సిగరెట్ లైటరు రంధ్రం నుంచి వచ్చేది. మెలికల తీగ డాష్‌బోర్డు మీద వ్రేలాడుతూ ఉండేది. స్పోర్ట్స్ కారులో చోటు తక్కువ. తీగ పోయి గేరు రాడ్డుకు చుట్టుకొనేది. పైగా ఆపిన పోలీసుకు తీగను చూస్తేనే సంగతి తెలిసిపోయేది. అందుకని తీగను శాశ్వతంగా లోపల బిగించే పద్ధతి వచ్చింది. ఫ్యూజు పెట్టెలో, తాళం త్రిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే లైను చూసి అక్కడ నుంచి తీసికోవాలి. ఎప్పుడూ కరెంటు ఉండే లైను నుంచి తీస్తే నాలుగు రోజులు నిలిపిన కారు బ్యాటరీ దిగిపోతుంది. పెట్టె తాగే కరెంటు అర ఆంపియరుకు మించదు కాబట్టి తీసుకొన్న చోటనే 2 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. ఎర్త్ తీగను రంగు గీకిన ఇనుము మీద బోల్టుతో బిగించాలి. తీగను అద్దం ప్రక్క స్తంభం లోపల నుంచి పైకప్పు గుడ్డ క్రిందుగా తీసికొని పోవాలి. ఈ కాలపు కార్లలో ఆ స్తంభంలో గాలిసంచి ఉంటుంది. తీగ దానికి అడ్డంగా కాక వెనుకగా పోవాలి.

ఈ పని మన ఆటో ఎలక్ట్రీషియన్లకు తెలియనిదేమీ కాదు. అంబాసిడర్‌కు టేపు రికార్డరు, ఫ్యాను, లారీకి క్యాబిను నిండా రంగు దీపాలు బిగించినవాళ్ళే కదా. అయితే చాలామంది ఫ్యూజు మాట మరచారు. ఇగ్నిషన్ స్విచ్చి వెనుక తీగ గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి పంపేవారు. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవారు. తీగ ఒరిపిడికి తొడుగు అరిగి ఇనుముకు తగిలితే, ఫ్యూజు లేని చోట కాలిపోయేది తీగే. ఇంకా బలంగా అంటుకుంటే బండే. నా మట్టుకు ఈ మొత్తం కథలో పోలీసులను తప్పించుకొనే పెట్టెకంటే ఆ 2 ఆంపియర్ల ఫ్యూజే గొప్ప వస్తువు.

పిల్లలు అమెరికాలో ఉన్నవారు గమనించవలసిన విషయం ఒకటుంది. అక్కడ చాలా రాష్ట్రాలలో సొంత కారులో ఈ పెట్టె నేరం కాదు. కాని తెలుగువారు బాగా స్థిరపడిన వర్జీనియా రాష్ట్రంలోనూ, దాని ప్రక్కనున్న వాషింగ్టన్ నగరంలోనూ నిషేధం. వర్జీనియా చట్టంలో ఒక మినహాయింపు ఉంది: పెట్టెకు కరెంటు అందకుండా, చేతికి అందని చోట ఉంటే తప్పు లేదు. దాచి బిగించిన తీగ ఆ మినహాయింపునే పోగొడుతుంది. పెట్టె ఆపి ఉంచానన్నా తీగ సాక్ష్యం చెబుతుంది. భారీ వాణిజ్య వాహనాలలో అయితే 1990ల నుంచి ఆ దేశమంతటా నిషేధమే.

పోలీసులు కూడా ఒక అడుగు ముందుకు వేశారు. ప్రక్కింటి రేడియో ట్యూను చేస్తుంటే మన రేడియోలో ఈల వినిపించడం గుర్తుందా? సూపర్‌హెటరోడైన్ పెట్టె లోపల పుట్టే తరంగం కొంచెం బయటికి కారుతుంది. ఆ కారిన దానిని పసిగట్టి 'ఈ కారులో డిటెక్టర్ ఉంది' అని చెప్పే యంత్రాన్ని పోలీసులు తెచ్చుకొన్నారు. అది వచ్చిందని కారకుండా కప్పిన డిటెక్టర్లను కంపెనీలు తెచ్చాయి. దొంగకు తాళం, తాళానికి మారుతాళం.

మన రోడ్ల సంగతి వేరు. ఇక్కడ పోలీసుల చేతిలో ఎక్కువగా కనిపించేది లేజర్ గన్. సన్నని కాంతిరేఖ నేరుగా ఒక్క కారుమీదే పడుతుంది, రెప్పపాటులో కొలత అయిపోతుంది. రాడార్ తరంగాల కోసం చెవులు రిక్కించిన పెట్టెకు అది వినపడనే వినపడదు. లేజరును పట్టే పెట్టె కూసే సరికి ఫోటో తీయడం అయిపోతుంది. కనుక ఇక్కడకు ఆ పెట్టెను తెచ్చి బిగించుకొనేవారికి మిగిలేది తీగల ఖర్చే. 2019లో సవరించిన చట్టం ప్రకారం పరిమితి దాటిన చిన్న వాహనానికి 1,000 నుంచి 2,000, ప్రయాణికుల బస్సుకో లారీకో 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా. 2013 అక్టోబరులో పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కిన బస్సులో 45 మంది చనిపోయారు. అది మన కర్నూలు మీదుగా హైదరాబాదుకు పోతున్న బస్సు. ఆ దారిన మన పిల్లలు వారం వారం తిరుగుతూనే ఉన్నారు.

2019 జూలై నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారులోనూ ఒక కూత పెట్టి పంపుతున్నారు. 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా అది కూస్తుంది. పోలీసు ఉన్నా లేకున్నా కూస్తుంది. దాని తీగ కూడా లోపలే దాగి ఉంటుంది, ఫ్యూజుతో సహా కంపెనీవారే బిగించి ఇస్తారు. ఆ తీగ ఏదో చూసి తీసేయమని ఎలక్ట్రీషియన్ల దగ్గరకు కార్లు తెచ్చేవారు అప్పుడే తయారయ్యారు.