ఎయిర్‌హోస్టెస్ కొలువు నుంచి పైలట్ సీటుకు

విమానంలో ప్రయాణికుల బాగోగులు చూసే ఉద్యోగంలోకి ఆడవాళ్లు రావడానికి మూలం, ఒకామె పైలట్ ఉద్యోగం అడిగితే కంపెనీ కాదనడం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్రెస్కో అనే చిన్న ఊళ్లో పుట్టిన ఎలెన్ చర్చ్ నర్సింగ్ చదివారు, విమానం నడపడమూ నేర్చుకున్నారు. 1930లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్ కార్యాలయానికి వెళ్లి తనను పైలట్‌గా తీసుకోమన్నారు. మేనేజరు స్టీవ్ స్టింప్సన్ కుదరదన్నాడు. అప్పుడామె ఇంకో ఆలోచన చెప్పారు. విమానమంటే జనం భయపడుతున్నారు, లోపల ఒక నర్సు కనబడితే కాస్త ధైర్యం వస్తుంది అని. స్టింప్సన్‌కు ఆ మాట నచ్చి పైవాళ్లను ఒప్పించాడు. ఆ ఏడాది మే 15న ఓక్లాండ్ నుంచి షికాగో వెళ్లే విమానంలో ఆమె తొలి మహిళా పరిచారికగా ఎక్కారు. దారిలో 13 చోట్ల ఆగుతూ సాగిన ఆ ప్రయాణానికి 20 గంటలు పట్టింది. మగవాళ్లకు ఈ పని కొత్త కాదు. జర్మనీ వాళ్ల జెప్లిన్‌లో 1912లోనే హైన్‌రిచ్ కూబిస్ ప్రయాణికులకు వడ్డించాడు.

చర్చ్‌తో కలిపి తొలి జట్టులో ఎనిమిది మంది నర్సులు. పెళ్లి కాకూడదు, వయసు 25 దాటకూడదు, బరువు 115 పౌండ్లు మించకూడదు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలకు మించకూడదు. జీతం నెలకు 125 డాలర్లు. టికెట్లు చూడటం, సామాను ఎక్కించడం, ఊడిపోయే సీట్ల మరలు బిగించడం, అవసరమైతే ఇంధనం పోయడంలో చెయ్యి వేయడం కూడా వాళ్ల పనే. చర్చ్ మాత్రం కారు ప్రమాదంలో గాయపడి, ఏడాదిన్నరకే ఆ ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆమె సైనిక నర్సుగా విమానాల్లో క్షతగాత్రులను తరలించి పతకం పొందారు. పైలట్ ఉద్యోగం ఆమెకు ఎన్నడూ దక్కలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఆ షరతుల స్వభావం. పెళ్లయితే ఇంటికి, లావయితే ఇంటికి, వయసు మీరితే ఇంటికి. 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 32 ఏళ్లకే విరమణ అనే నిబంధన పెట్టింది. అంటే ఈ కొలువును మొదటి నుంచీ నాలుగు రోజుల ముచ్చటగానే మలిచారు. పైలట్ లైసెన్సుకు చాలా డబ్బు కావాలి, వందల గంటలు గాలిలో గడపాలి, ఏళ్ల తరబడి ఓపిక పట్టాలి. రెండు మూడేళ్లలో ముగిసిపోయే ఉద్యోగం చేస్తూ వాటిని సమకూర్చుకోవడం ఎవరి తరం? కాక్‌పిట్ తలుపు మూసి ఉండటం ఒక ఎత్తు, ఆ తలుపు దాకా నడిచే వ్యవధి ఇవ్వకపోవడం ఇంకో ఎత్తు. మొదటిదాని గురించి చరిత్రకారులు చాలా రాశారు. రెండోది తక్కువేమీ కాదు.

తలుపు అవతలి సంగతి ఇలా ఉండేది. 1934లో సెంట్రల్ ఎయిర్‌లైన్స్ హెలెన్ రిచీని కో-పైలట్‌గా తీసుకుంది. పైలట్ల సంఘం ఆమెను సభ్యురాలిగా చేర్చుకోలేదు. వాతావరణం బాగా లేనప్పుడు నడపనివ్వొద్దని ప్రభుత్వ శాఖే సూచించింది. ఏడాది తిరగకుండానే ఆమె రాజీనామా చేశారు. ఆ తర్వాత అమెరికాలోని పెద్ద విమాన సంస్థల్లో మరో మహిళా పైలట్ కనిపించడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. 1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్‌లో చేరిన ఎమిలీ హోవెల్ కథ విచిత్రం. ఆమె మొదట కోరుకున్నది ఎయిర్‌హోస్టెస్ కావాలని. ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో చూద్దామని విమానం ఎక్కితే కాక్‌పిట్‌లోకి రమ్మన్నారు. దిగేసరికి మనసు మారింది. ఐరోపాలో 1969లోనే ట్యూరీ విడెరో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్ అయ్యారు.

ముందు పరిచారికగా పనిచేసి, తర్వాత విమాన కెప్టెన్ అయినవారిలో బ్రిటన్‌కు చెందిన ఇవాన్ పోప్ సింటెస్ ముందు వరుసలో ఉంటారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆమె బీవోఏసీ సంస్థలో స్టూవర్డెస్‌గా చేస్తూ విమానం నడపడం నేర్చుకున్నారు. భర్త చనిపోగా ఇద్దరు చిన్నపిల్లలను పెంచుతూనే గాట్విక్ విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేశారు. అక్కడ ఆ పనిలో చేరిన తొలి మహిళ ఆమే. 1960లలో మోర్టన్ ఎయిర్ సర్వీసెస్‌లో డకోటా విమానాలు నడిపి, తర్వాత డాన్-ఎయిర్‌కు మారి, 1970లలో జెట్ విమాన కెప్టెన్ అయ్యారు.

అమెరికాలో మార్పు చట్టం వైపు నుంచి వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో ఆడ మగ వివక్షను నిషేధించింది. దాన్ని పట్టుకుని ఎయిర్‌హోస్టెస్‌లు కోర్టులకూ కమిషన్లకూ వెళ్లడంతో వయసు, పెళ్లి నిబంధనలు ఒక్కొక్కటిగా కూలాయి. 1971లో పాన్‌యామ్ సంస్థపై ఒక యువకుడు గెలిచిన కేసుతో మగవాళ్లకూ ఈ ఉద్యోగం దక్కింది. వ్యవధి దొరకగానే ఏమైందో 1971, 1972ల్లో కొలువులో చేరిన ఇద్దరి జీవితాలు చెబుతాయి.

బెవర్లీ బర్న్స్ 1971లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో ఎయిర్‌హోస్టెస్‌గా చేరారు. ఆడవాళ్లు పైలట్లు ఎందుకు కాలేరో ఒక కో-పైలట్ సిబ్బందికి వివరిస్తూ, వాళ్లకు అంత తెలివి ఉండదన్నాడు. తాను చేయవలసిన పని ఏమిటో అప్పుడే తేలిపోయిందని ఆమె తర్వాత చెప్పుకొన్నారు. సెలవు రోజుల్లో విమానం నడపడం నేర్చుకుని, 1981లో నెవార్క్ కేంద్రంగా కొత్తగా మొదలైన పీపుల్ ఎక్స్‌ప్రెస్‌లో పైలట్‌గా చేరారు. అక్కడ ఎవరి పని వారిదే అనే పద్ధతి లేదు. పైలట్ అయినా సరే గేటు దగ్గర నిలబడాలి, సామాను మోయాలి. పాత సంస్థల్లోని హోదాల గోడలు ఆ కొత్త సంస్థలో అంతగా లేకపోవడం ఇలాంటి వారికి కలిసివచ్చింది. లిన్ రిపెల్‌మేయర్ 1972లో టీడబ్ల్యూఏలో పరిచారికగా చేరారు. 1977 డిసెంబరులో ఎయిర్ ఇల్లినాయ్‌లో మరో మహిళతో కలిసి ట్విన్ ఆటర్ విమానం నడిపారు. అమెరికాలో షెడ్యూల్డ్ విమానాన్ని ఇద్దరు ఆడవాళ్లే నడపడం అదే మొదలు. 1980లో సీబోర్డ్ వరల్డ్ సంస్థలో బోయింగ్ 747 నడిపిన తొలి మహిళ అయ్యారు.

1984 జూలై 18న బర్న్స్ కెప్టెన్‌గా పీపుల్ ఎక్స్‌ప్రెస్ 747ను నెవార్క్ నుంచి లాస్‌ఏంజిలెస్‌కు తీసుకెళ్లారు. ఇంచుమించు అదే సమయంలో రిపెల్‌మేయర్ అదే సంస్థ 747ను అట్లాంటిక్ దాటించి లండన్ గాట్విక్‌లో దింపారు. ఆనాటి అతి పెద్ద ప్రయాణికుల విమానానికి కెప్టెన్లయిన తొలి మహిళలు ఇద్దరూ ట్రే పట్టుకుని నడవాలో తిరిగినవాళ్లే కావడం కాకతాళీయం కాదు. విమానం ఎక్కే దారి ఆడవాళ్లకు ఎక్కువగా అటువైపే ఉండేది.

క్యాబిన్, కాక్‌పిట్‌ల మధ్య దూరం ప్రాణాలు తీసిన సందర్భాలూ ఉన్నాయి. 1989 జనవరి 8న ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర బ్రిటిష్ మిడ్‌లాండ్ 737 కూలి 47 మంది చనిపోయారు. పాడైంది ఎడమ ఇంజన్ అయితే పైలట్లు కుడి ఇంజన్ ఆపేశారు. ఎడమ వైపు మంటలు చూసిన ప్రయాణికులూ సిబ్బందీ ఆ మాట ముందుకు చేరవేయలేదు. అదే ఏడాది మార్చిలో కెనడాలోని డ్రైడెన్‌లో రెక్కల మీద మంచుతోనే విమానం లేచి కూలింది. 24 మంది మరణించారు. మంచు చూసిన పరిచారిక పైలట్లకు చెప్పలేదు, అలాంటి మాటలు వాళ్లు వినరని అనుభవం వల్ల అనుకుని. ఈ రెండింటి తర్వాత సిబ్బంది అంతా కలిసి శిక్షణ పొందే పద్ధతి బలపడింది. తలుపుకు రెండు వైపులా పనిచేసిన పైలట్‌కు ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు.

భారతదేశంలో కథ హైదరాబాద్ నుంచి మొదలుపెట్టాలి. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది సంస్థలు కాదంటే, బేగంపేట నుంచి నడిచే నిజాం కాలపు డెక్కన్ ఎయిర్‌వేస్ తీసుకుంది. కో-పైలట్‌ను చేసింది గానీ కెప్టెన్‌ను చేయలేదు. చివరికి ఆమె ఆ సంస్థను వదిలేశారు. 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో తొలి మహిళా పైలట్ అయ్యారు. అదే కాలంలో ఎయిర్ఇండియా ఎయిర్‌హోస్టెస్ 35 ఏళ్లకు, లేదా చేరిన నాలుగేళ్లలోపు పెళ్లయితే, లేదా తొలి గర్భంతో ఉద్యోగం వదలాల్సి వచ్చేది. అదే పని చేసే మగ పర్సర్‌కు మాత్రం విరమణ 58 ఏళ్లకు. ఈ నిబంధనలపై వేసిన నర్గేశ్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది గానీ పెళ్లి నిబంధనను నిలబెట్టింది. ఆ తీర్పులోని ఈ సగం ఇవాళ చదివితే మింగుడుపడదు. 1985లో సౌదామినీ దేశ్‌ముఖ్ కోల్‌కతా నుంచి సిల్చార్‌కు పూర్తి మహిళా సిబ్బందితో ఫోకర్ విమానం నడిపారు. 1994లో విమానయానాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసిన పాత చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలు నిలదొక్కుకున్నాక క్యాబిన్ నుంచి కాక్‌పిట్‌కు మారడం అరుదైన వార్తగా మిగలలేదు.

ఇప్పుడు అడ్డంకి లింగభేదం కన్నా ఖర్చుదే. 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర జరిగిన విమాన ప్రమాదం తర్వాత వచ్చిన చట్టం ప్రకారం, 2013 నుంచి అక్కడ కో-పైలట్‌కు 250కి బదులు 1,500 గంటల అనుభవం కావాలి. డెల్టా 2018లో, ఆ తర్వాత యునైటెడ్ మొదలుపెట్టిన, పైలట్లను తయారుచేసే పథకాలు తమ ఉద్యోగులకూ దారి చూపాయి. మనదేశంలో 200 గంటల శిక్షణకు 50 లక్షల రూపాయలు దాటడం మామూలే. విమాన రకానికి ప్రత్యేక శిక్షణ ఖర్చు దానికి అదనం. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ లేని క్యాబిన్ సిబ్బంది చాలామంది ఓపెన్ స్కూల్ ద్వారా ఆ పరీక్షలు రాసి, మెడికల్ పరీక్ష గట్టెక్కి అప్పుడు ఫ్లయింగ్ స్కూల్లో చేరతారు. పరిచారికగా సంపాదించిన సీనియారిటీ పైలట్ల జాబితాలోకి రాదు. పదిహేనేళ్లు చేసినవారైనా కాక్‌పిట్‌లో అందరికన్నా జూనియర్‌గానే మొదలుపెట్టాలి, రోస్టర్‌లో మిగిలిన డ్యూటీలే వాళ్లకు పడతాయి.