నిదానమే ప్రధానం: జీపు చిన్న గేరు కథ

మోటారు వాహనాల చరిత్ర అనగానే ఎవరికైనా వేగం చరిత్రే గుర్తుకొస్తుంది. ఏ కారు గంటకు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తింది, ఎవరు ఎవరి రికార్డు బద్దలుకొట్టారు అన్నవే పుస్తకాలకెక్కుతాయి. కానీ ఈ చరిత్రలో ఎదురుదిక్కుకు నడిచిన పాయ ఒకటుంది. ఇంజను ఆగిపోకుండా, క్లచ్ తొక్కకుండా బండిని ఎంత నెమ్మదిగా నడపగలం అన్నదే అక్కడి ప్రశ్న. ఇంజనీర్లు, మెకానిక్కులు, రైతులు, సరదా కోసం కొండలెక్కే సామాన్యులు ఎనభై ఏళ్లుగా ఆ ప్రశ్న వెంట పడ్డారు. వృత్తిరీత్యా గేర్లతో పరిచయం ఉన్నవాడిగా ఆ కథను మన స్వర్ణోత్సవ సంచిక పాఠకులతో పంచుకోవాలనిపించింది.

బండరాళ్ల మీదుగా వాహనాన్ని పాకించే విద్యను అమెరికాలో రాక్ క్రాలింగ్ అంటారు. అక్కడ దారి ఉండదు. మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు రాళ్లుంటాయి. ఒక్కో చక్రాన్ని ఒక్కో రాయి మీద పెట్టి, ఎక్కించి, దించుకుంటూ పోవాలి.

గడ్డపార సూత్రం

దీనికి కావలసిన శాస్త్రమంతా మనం హైస్కూలు భౌతికశాస్త్రంలో సరళ యంత్రాల పాఠంలో చదువుకున్నదే. పెద్ద బండరాయిని చేతులతో కదపలేం. గడ్డపార కింద దూర్చి, ఈ కొసన అడుగు మేర నొక్కితే ఆ కొసన రాయి అంగుళం లేస్తుంది. బలం పెరిగింది, దూరం తగ్గింది. పళ్లచక్రాలు చేసేదీ అదే. చిన్న చక్రం నాలుగు చుట్లు తిరిగితే పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలా అమర్చితే, వేగం నాలుగో వంతు అవుతుంది, తిప్పే బలం (దాన్నే టార్క్ అంటాం) నాలుగు రెట్లవుతుంది. ఒరిపిడికి పోయేది కొంత ఉంటుంది, అది వేరే సంగతి.

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో ఈ తగ్గింపు మూడు చోట్ల జరుగుతుంది. మొదటిది గేరుబాక్సులో, రెండోది శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో, మూడోది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌లో. ఈ మూడు నిష్పత్తులనూ గుణిస్తే వచ్చేదాన్ని క్రాల్ రేషియో అంటారు. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె అది. ఈ ఒక్క అంకెను పట్టుకుంటే చాలు, మొత్తం చరిత్ర అర్థమవుతుంది.

సైన్యం అడిగిన నిదానం

1940 జులైలో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నిఘా వాహనం కావాలని 135 కంపెనీలను ఆహ్వానించింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ చేసిన డిజైన్‌తో సెప్టెంబరు 23 నాటికి నమూనా బండిని అప్పగించింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రంగంలోకి దిగాయి. ఆ రెండు కంపెనీలూ కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

సైన్యం పెట్టిన షరతుల్లో గరిష్ఠ వేగంతోపాటు కనిష్ఠ వేగం కూడా ఉండడం విశేషం. కాలినడకన సాగే సిపాయిల పక్కనే బండి నడవాలి. అందుకని గంటకు 3 మైళ్ల వేగంలోనూ సాఫీగా నడవాలన్నారు. ఆ షరతుకు జవాబే ట్రాన్స్‌ఫర్ కేసులోని లో-రేంజ్.

విల్లీస్ ఎంబీ జీపు లెక్క చూడండి. మొదటి గేరు నిష్పత్తి 2.66, లో-రేంజ్ 1.97, ఇరుసు 4.88. గుణిస్తే దాదాపు 26. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే బండి గంటకు 3 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కదులుతుంది. అంటే మనిషి తాపీగా నడిచే నడక. దాని ఇంజను 60 హార్స్‌పవర్ మాత్రమే, గరిష్ఠ టార్క్ సుమారు 142 న్యూటన్ మీటర్లు. ఈ టార్క్‌ను 26తో గుణించి టైరు వ్యాసార్ధంతో భాగిస్తే చక్రాల దగ్గర తోపుడు బలం దాదాపు ఒక టన్ను వస్తుంది. ఆ జీపు బరువూ ఒక టన్ను పైచిలుకే. అంటే కాగితం మీద ఆ చిన్న ఇంజను దాదాపు తన బండి బరువంత బలంతో తోయగలదు. అంతకు మించి బలమిచ్చినా నేల పట్టివ్వదు, చక్రాలు జారి ఊరికే తిరుగుతాయి.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. 1941లోనే బలం సరిపోయినప్పుడు ఆ తరువాత అరవై, డెబ్బై ఏళ్లపాటు గేర్లను ఇంకా ఇంకా తగ్గిస్తూ పోయింది ఎందుకు?

నాగలి నుంచి రూబికాన్ దాకా

మొదటి కారణం రైతు. 1945లో విల్లీస్ పౌరులకోసం సీజే-2ఏ జీపును తెచ్చి, ప్రధానంగా పొలం పనికి అమ్మజూపింది. నాగలి లాగే బండి నెమ్మదిగా, గంటల తరబడి ఒకే నడకన సాగాలి. అందుకే మొదటి గేరును 2.80కి, లో-రేంజ్‌ను 2.43కి, ఇరుసును 5.38కి మార్చారు. క్రాల్ రేషియో 26 నుంచి దాదాపు 37కి పెరిగింది.

రెండో కారణం కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాలు. అక్కడ జార్జ్‌టౌన్ నుంచి టాహో సరస్సు వైపు గ్రానైట్ బండల మీదుగా సాగే పాత బాట పేరు రూబికాన్ ట్రయల్. పొడవు సుమారు 22 మైళ్లు. 1953 ఆగస్టులో మార్క్ స్మిత్, ఆయన మిత్రులు కలిసి 55 జీపుల్లో 155 మందిని ఆ దారిన తీసుకెళ్లారు. జీపర్స్ జాంబోరీ అనే ఆ యాత్ర నేటికీ ఏటా జరుగుతోంది. రాక్ క్రాలింగ్‌కు ఒక ఉత్సవంగా పునాది పడింది అక్కడే.

రూబికాన్ రాళ్లు నేర్పిన పాఠమే పై ప్రశ్నకు జవాబు. ఇంజను గరిష్ఠ టార్క్ నిమిషానికి 2000 చుట్ల దగ్గర వస్తుంది. కానీ రాయి ఎక్కేటప్పుడు అంత వేగంగా ఇంజనును తిప్పితే బండి ఎగిరిపడుతుంది. చక్రం రాయిని తాకిన క్షణంలో ఇంజను దాదాపు ఐడిల్‌లోనే ఉండాలి, అయినా ఆగిపోకూడదు. క్లచ్‌ను సగం తొక్కి నెట్టుకొస్తే పది నిమిషాల్లో కాలిన వాసన వస్తుంది. క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసి పాకాలంటే గేరు ఇంకా చిన్నది కావాలి. కాబట్టి వాళ్లు వెదికింది బలం కోసం కాదు, ఆ బలాన్ని అదుపులో పెట్టే నిదానం కోసం.

షెడ్లలో పుట్టిన ఇంజనీరింగ్

కంపెనీలు ఇవ్వనిదాన్ని జీపు యజమానులు తమ షెడ్లలోనే తయారుచేసుకున్నారు. జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో 1947 నుంచి ఎస్ఎం420 అనే నాలుగు గేర్ల గేరుబాక్సు వచ్చేది. దాని మొదటి గేరు 7.05. బరువుతో ట్రక్కును కదిలించడానికి మాత్రమే వాడే ఆ గేరును అమెరికన్లు ‘బామ్మ గేరు’ అని పిలుచుకుంటారు. పాత ట్రక్కు నుంచి దాన్ని ఊడదీసి, మధ్యలో అడాప్టర్ ప్లేటు పెట్టి జీపుకు బిగించారు. 7.05ను 2.46 లో-రేంజ్‌తో, 5.38 ఇరుసుతో గుణిస్తే 93 వస్తుంది. దానివల్ల ఇబ్బందులూ లేకపోలేదు. ఆ గేరుబాక్సు బరువెక్కువ, మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు, రెండో గేరుకు మారేటప్పుడు పెద్ద అంతరం. అయినా రాళ్ల మీద దానికి సాటి లేదనేవారు.

తరువాతి తరం టయోటా పికప్ బండ్లతో ఇంకో ఉపాయం పన్నింది. ఒక ట్రాన్స్‌ఫర్ కేసులోని తగ్గింపు భాగాన్ని తీసుకొచ్చి ఇంకొక ట్రాన్స్‌ఫర్ కేసు ముందు బిగించడం. ఒక్కొక్కటి 2.28 చొప్పున రెండూ కలిస్తే 5.2. మొదటి గేరు 3.95, ఇరుసు 4.10తో కలిపి లెక్కిస్తే 84.

కర్మాగారం ఈ అంకెను అందుకోవడానికి చాలా కాలం పట్టింది. 2003లో జీప్ కంపెనీ ఆ బాట పేరే పెట్టి రాంగ్లర్ రూబికాన్ మోడల్‌ను విడుదల చేసింది. ట్రాన్స్‌ఫర్ కేసులో లో-రేంజ్ నిష్పత్తి నేరుగా 4. మాన్యువల్ గేరుబాక్సుతో క్రాల్ రేషియో సుమారు 66. 2007 మోడల్‌కు అది 73కు, 2018 మోడల్‌కు 84కు చేరింది. ఇంజను అదే 600 చుట్లు తిరుగుతుంటే ఈ బండి గంటకు కిలోమీటరు పైచిలుకు మాత్రమే నడుస్తుంది. యుద్ధకాలపు జీపు నడకలో మూడో వంతు అన్నమాట.

మాన్యువలా, ఆటోమేటికా?

మిత్రుల మధ్య ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య నూనెతో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఉంటుంది. బండి ఆగివున్న స్థితిలో అది టార్క్‌ను దాదాపు రెట్టింపు చేస్తుంది, ఇంజను ఆగిపోనివ్వదు. ఎక్కేటప్పుడు ఇది మాన్యువల్ కంటే సులువు. దిగేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. మాన్యువల్‌లో చక్రానికీ ఇంజనుకూ మధ్య ఇనుముకు ఇనుము పట్టు. బ్రేకు తొక్కకుండానే ఇంజను బండిని పట్టి దించుతుంది. కన్వర్టర్‌లోని నూనె కొంత జారనిస్తుంది. కాబట్టి డ్రైవరు బ్రేకును ఎక్కువగా నమ్ముకోవాలి.

మాన్యువల్‌తో ఇంకో వెసులుబాటు ఉంది. నిట్టనిలువు రాయి మీద ఇంజను ఆగిపోతే బండిని గేరులోనే ఉంచి, క్లచ్ తొక్కకుండా, స్టార్టర్ మోటారుతోనే ముందుకు కదుపుతూ ఇంజనును తిరిగి రాజేయవచ్చు. క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చాక కూడా టయోటా తన కొన్ని మోడళ్లలో దాన్ని రద్దుచేసే బటన్ పెట్టింది అందుకే.

నా అభిప్రాయం అడిగితే, తేడా తెచ్చింది గేరుబాక్సు రకం కాదు, లో-రేంజ్. అది లేని ఆటోమేటిక్ వేడెక్కుతుంది, అది లేని మాన్యువల్ క్లచ్ కాలుస్తుంది.

మన దగ్గర

మహీంద్రా సంస్థ బొంబాయి మజగావ్‌లో 1949 నుంచి విల్లీస్ జీపులను విడిభాగాలతో బిగించడంతో ఈ లో-రేంజ్ మన దేశానికీ వచ్చింది. మన ఊళ్లలో జీపు అంటే తహసీల్దారు బండి, ఎన్నికల ప్రచారం బండి, ఏజెన్సీ దారుల్లో జనాన్ని ఎక్కించుకునే బండి. దాని రెండో లివర్ గురించి పట్టించుకున్నవారు తక్కువ. నేటి మహీంద్రా థార్ ఫోర్ వీల్ డ్రైవ్‌లోనూ, మారుతి జిమ్నీలోనూ ఆ లివర్ ఉంది. కానీ కొన్నవారిలో చాలామంది దాన్ని బురదలో ఇరుక్కున్నాకే గుర్తుచేసుకుంటారు. అప్పటికే హై-రేంజ్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, చక్రాలు తిప్పి, గొయ్యి ఇంకా లోతు చేసుకుని ఉంటారు.

నేల సంగతి

ఈ తొందరపాటు ఖరీదు బండి ఇరుసు ఒక్కటే కాదు. జారి తిరిగే చక్రం నేల పైపొరను చీలుస్తుంది. తరువాతి వానకు ఆ మట్టి వాగులోకి పోతుంది. 1985లోనే అమెరికా అటవీశాఖ ‘ట్రెడ్ లైట్లీ’ పేరుతో, అంటే నేలమీద సుతారంగా నడవండి అని, ప్రచారం మొదలుపెట్టింది. రూబికాన్ బాట నుంచి మట్టి, నూనె నీటిలో చేరుతున్నాయని 2009లో కాలిఫోర్నియా నీటి నాణ్యతా మండలి చర్యలకు ఉత్తర్వు జారీచేసింది. డెబ్బై ఏళ్లుగా నడుస్తున్న బాట మూతపడకుండా ఉండాలంటే బాటకు మరమ్మతులతోపాటు డ్రైవర్ల తీరు కూడా ముఖ్యమే. చిన్న గేరులో పాకే చక్రం రాయిని పట్టుకుని పోతుంది, మట్టిని చిమ్మదు.

బొర్రా గుహల దగ్గర నుంచి కటికి జలపాతానికి వెళ్లే రాళ్లబాటలో ఇదే సూత్రం పనిచేస్తుంది. మనవాళ్లలో థార్, జిమ్నీ కొన్నవారు చాలామందే ఉన్నారు. అలాంటి దారి తగిలితే రాయి దగ్గరికి రాకముందే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, రెండో లివర్‌ను లో-రేంజ్‌కు మార్చండి. మొదటి గేరు వేసి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. మిగతా పని ఇంజను చూసుకుంటుంది.